మాటకు సైగ తోడైతేనే బధిర బాలలకు చదువు

విశాఖపట్నం (పూర్ణా మార్కెట్): పూర్ణా మార్కెట్‌లో కూరగాయల బేరానికి మాటలు తప్పనిసరి కాదు. రెండు వేళ్లు చూపినా, తల అడ్డంగా ఊపినా వ్యవహారం తేలిపోతుంది. వినికిడి లేనివారు సైతం ఇక్కడ సరకు కొనుక్కుని వెళ్లగలరు. అయితే బేరానికి చాలిన ఈ సైగలు చదువుకు చాలవు. 'ఎందుకు', 'ఒకవేళ' వంటి భావాలకు పూర్తిస్థాయి భాష కావాలి. బధిర బాలలకు ఆ భాషను ఏ మార్గంలో అందించాలన్నదే దీర్ఘకాలంగా నలుగుతున్న వివాదం.

1880లో ఇటలీలోని మిలాన్‌లో సమావేశమైన విద్యావేత్తలు తరగతి గదుల్లో సైగలు కూడదని, మాటే నేర్పాలని తీర్మానించారు. 2010లో కెనడాలోని వాంకోవర్ మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి, విచారం వ్యక్తం చేసింది. ఈ మధ్యకాలంలోనే, 1960వ దశకంలో, అమెరికాలో మాట, సైగ, రాత, వినికిడి యంత్రాలను కలిపి వాడే 'సంపూర్ణ సంభాషణ' పద్ధతి రూపుదిద్దుకుంది.

పెదవుల కదలికే ఆధారమైతే...

తెలుగులో 'పాట', 'బాట', 'మాట' పలికేటప్పుడు పెదవుల కదలిక ఒక్కటే. గొంతు దగ్గర పలికే క, గ అక్షరాలు కంటికి ఆనవు. కేవలం పెదవులను చూసి పాఠం గ్రహించాల్సిన బిడ్డకు సగం ఊహే మిగులుతుంది. ఒక్క సైగతో ఆ సందేహం తీరుతుంది. సైగలు నేర్పితే మాట రాదన్న భయం తల్లిదండ్రుల్లో ఉన్నా, అందుకు ఆధారం లేదు. అసలు నష్టం ఏ భాషా అందకుండా గడిచిపోయే తొలి అయిదేళ్లలోనే జరుగుతుంది.

కలపడంలోనూ మెళకువ అవసరం. భారతీయ సంజ్ఞా భాషకు సొంత వ్యాకరణం ఉంది. అందులో 'ఎక్కడ' వంటి ప్రశ్నార్థకం సాధారణంగా వాక్యం చివర వస్తుంది. తెలుగు వాక్యం పలుకుతూ పదానికో సైగ జోడిస్తే రెండూ చెడే ప్రమాదముంది. పాఠాన్ని సంజ్ఞా భాషలో బోధించి, తెలుగు చదవడం, రాయడం నేర్పుతూ, ఉచ్చారణకు వేరుగా సమయం కేటాయించడం మేలు.

చట్టం ఉంది, శిక్షణే కావాలి

బధిరులకు అనువైన భాషలో, పద్ధతిలో విద్య అందించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దేశిస్తోంది. 2018లో 3 వేల పదాలతో వెలువడిన భారతీయ సంజ్ఞా భాషా నిఘంటువు 2021 నాటికి 10 వేల పదాలకు విస్తరించింది. ఈ సంపద మండలాల్లోని భవిత కేంద్రాల ఉపాధ్యాయులకు, అక్కడికి బిడ్డను తీసుకొచ్చే తల్లికి కరతలామలకం కావాలి. ఇంట్లో సైగ తెలిసినవారు ఒక్కరూ లేకుంటే బడిలో నేర్చిన భాష బడిలోనే ఆగిపోతుంది.