నేసిన చేతికి లెక్క చెప్పాలి

కూలి చాలకపోతే ఇల్లు గడవదు. కానీ తన కష్టాన్ని ఎవరూ లెక్క చేయడం లేదని తెలిసినప్పుడు మనిషికి పని మీదే మనసు విరుగుతుంది. మొదటి బాధను నలుగురిలో చెప్పుకోగలం. రెండోదాన్ని చెప్పుకోవడానికి నామోషీ పడతాం. వరంగల్ కొత్తవాడలోనూ, మగ్గం మీద బతికే ఇతర ఊళ్లలోనూ చేనేత సంఘాల సభ్యులు తరచూ అనే మాట ఒకటుంది. సంఘం మాదే అంటారు, మమ్మల్ని మాత్రం ఎవరూ లెక్క చేయరు అని. ఈ వారం ఆ మాటనే చర్చకు తీసుకుంటున్నాం. ఎందుకంటే అది ఒక్క నేతగాడి మాట కాదు. సంస్థ ఏదైనా, పెత్తనం సరిగా లేనిచోట పనిచేసే ప్రతి మనిషిదీ అదే మాట.

పేరు సరుకుకు, కష్టం నేతగాడికి

కొత్తవాడ పేరు చెప్పగానే దరీలు గుర్తుకొస్తాయి. షత్రంజీలన్నా, జంపఖానాలన్నా అవే. మొఘలుల దండుతో పాటు దక్కనుకు చేరిన నేతగాళ్లు ఓరుగల్లు ప్రాంతానికి ఈ విద్య తెచ్చారని పెద్దలు చెబుతారు. తర్వాత ఈ నేత ఏ ఒక్క మతానికో కులానికో పరిమితం కాలేదు. ముస్లిం కుటుంబాలూ పద్మశాలీ కుటుంబాలూ పక్కపక్కనే కూర్చుని నేసిన నేత ఇది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాసీకి చోటు దక్కింది. 2018లో వరంగల్ దరీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ పేరుతో ఈ సరుకును ఇతర ప్రాంతాల వారు అమ్ముకోరాదని చట్టం రక్షణ ఇచ్చింది.

సరుకుకు గుర్తింపు వచ్చింది, సంతోషమే. మరి నేసిన మనిషికో? నూలుకు రంగు అద్దాలి. పడుగు పట్టాలి. అచ్చు అతకాలి. కండెలు చుట్టాలి. తర్వాతే గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చోవడం. డిజైన్ ఉన్న దరీ అయితే రంగురంగుల నూలును వేళ్లతో ఒక్కో చోట పట్టి అల్లుకుంటూ రావాలి. నడుము నొప్పి, కీళ్ల నొప్పులు, కంటిచూపు మందగించడం వృత్తితో పాటే వస్తాయి. ఇంత కష్టం తర్వాత సరుకు సంఘం ఆఫీసులో అప్పగించినప్పుడు, అందులో తప్పులు వెదికే కళ్లకు మంచి పనితనం మాత్రం కనిపించకపోతే ఆ మనిషికి ఎలా ఉంటుంది? నలభై ఏళ్లు నేసిన చేతికీ నిన్న నేర్చుకున్న చేతికీ తేడా చూడకుండా, పెద్దల చుట్టూ తిరిగేవారికే మంచి నూలు, మంచి ఆర్డరు దక్కితే ఇక పనితనానికి విలువ ఏముంటుంది?

సంఘం ఎందుకు పుట్టింది?

సహకార సంఘం అనే ఆలోచన నేతగాళ్ల కష్టంలోంచే పుట్టిందని మనలో చాలామందికి తెలియదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 28 మంది కార్మికులు తలా కొంత డబ్బు వేసుకుని ఒక చిన్న దుకాణం తెరిచారు. వారిలో నేతగాళ్లు చాలామంది. కల్తీ సరుకు, తప్పు తూకం, తీరని అప్పు వారిని ఈ దారికి తెచ్చాయి. వారు పెట్టుకున్న నియమాలు సాదా నియమాలే. సరుకు నికార్సుగా ఉండాలి. తూకం సరిగా ఉండాలి. లాభం సభ్యులకే పంచాలి. ఎంత డబ్బు పెట్టినా ఒక మనిషికి ఒకే ఓటు. 1995లో మాంచెస్టర్‌లో అంతర్జాతీయ సహకార కూటమి ప్రకటించిన ఏడు సూత్రాల్లోనూ సభ్యుల ప్రజాస్వామిక అదుపుకు పెద్దపీట వేశారు.

మన ప్రాంతంలో కొండా లక్ష్మణ్ బాపూజీ వంటి వారు చేనేత సహకారాన్ని ఊరూరా విస్తరింపజేయడానికి కృషి చేశారు. షావుకారు దగ్గర నూలు తెచ్చుకుని, షావుకారు చెప్పిన కూలికి నేసి, షావుకారు అప్పులోనే చనిపోయే బతుకు పోవాలనేదే అప్పటి ఆశయం. సంఘంలో షేరు ధనం కట్టిన నేతగాడు కూలివాడు కాడు, యజమాని. అధ్యక్షుడు ఆ యజమానులంతా కలిసి పెట్టుకున్న మనిషి మాత్రమే.

ఈ సంబంధం తలకిందులైనప్పుడే అసలు కష్టం మొదలవుతుంది. యజమాని చేతులు కట్టుకుని నిలబడతాడు. పెట్టుకున్న మనిషి కుర్చీలో కూర్చుని దయ చూపుతాడు. హక్కుగా రావలసిన నూలు, కూలి, బోనసు ఉపకారంగా మారతాయి. ఉపకారం పొందేవాడు లెక్క అడగలేడు కదా! షావుకారు పోయాడనుకుంటాం. నిజానికి షావుకారు కుర్చీ సంఘం ఆఫీసులోకి మారుతుంది.

ఎన్నిక లేని పెత్తనం

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2011లో పార్లమెంటు చేసిన 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘం పెట్టుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. పాలకవర్గం గడువు అయిదేళ్లనీ, గడువు తీరక ముందే ఎన్నికలు జరపాలనీ చెప్పింది. సహకారం రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి ఆ నిబంధనలు రాష్ట్రాల సంఘాలకు చెల్లవని 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా సహకార సంఘాల స్వయంపాలనను, ప్రజాస్వామిక అదుపును ప్రోత్సహించాలని రాజ్యాంగం రాజ్యానికి ఇచ్చిన ఆదేశం అలాగే ఉంది.

ఆచరణలో ఏం జరిగింది? 2018లో గడువు తీరిన తర్వాత తెలంగాణలో చేనేత సంఘాలకు ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు. పర్సన్ ఇన్‌ఛార్జిల పేరిట పాలన పొడిగిస్తూ పోయారు. ఓటు వేసే రోజే రాకపోతే నాయకుడికి సభ్యుడి ముఖం చూడవలసిన పని ఏముంటుంది? నేయనివారి పేర్లు జాబితాలో ఉన్నాయని, మరమగ్గం గుడ్డను చేనేతగా చూపారని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పలుమార్లు ఆరోపణలు వచ్చాయి. మహాజన సభ కాగితం మీదే జరిగిపోయి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకున్నా అడిగేవారు లేని చోట్లు ఉండనే ఉన్నాయి.

ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం. 2015 నుంచి ఈ ఆనవాయితీ వచ్చింది. ఆ రోజు శాలువాలు కప్పుతారు, దండలు వేస్తారు. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ ఒక రోజు కప్పిన శాలువా ఏడాది పొడవునా దాచిన లెక్కను కప్పకూడదు. నేతగాడికి నిజమైన గౌరవం లెక్క చెప్పడమే. నూలు ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చారు, సరుకు ఎంతకు అమ్మారు, బకాయి ఎంత ఉంది అనే నాలుగు వివరాలు ఆఫీసు గోడ మీద అంటిస్తే చాలు. తెలుగులో లెక్క చేయడమన్నా, లెక్క చెప్పడమన్నా ఒకే మాటతో చెప్పుకుంటున్నాం. సభ్యుణ్ణి లెక్క చేసేవాడు అతనికి లెక్క చెబుతాడు.

నాయకుడి కష్టాన్నీ చూడాలి

ఇక్కడ న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. నచ్చనివారి విషయంలోనూ న్యాయం తప్పవద్దని దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది. సంఘాన్ని నడపడం తేలిక కాదు. నూలు ధర నిలకడగా ఉండదు. పైసంస్థలు, ప్రభుత్వ శాఖలు కొన్న సరుకుకు డబ్బు నెలల తరబడి రాదు. మరమగ్గం మీద చవకగా వచ్చే సరుకుతో పోటీ పడాలి. సొంత పూచీ మీద అప్పు తెచ్చి సభ్యులకు పండుగ పూట కూలి ఇచ్చే అధ్యక్షులూ ఉంటారు. అలాంటివారిని మనం ఎన్నడైనా మెచ్చుకున్నామా? మెప్పు దొరకని బాధ సభ్యుడికే కాదు, మంచి నాయకుడికీ ఉంటుంది.

అయితే లేక ఇవ్వలేకపోవడం వేరు, ఉన్నది చెప్పకపోవడం వేరు. మొదటిది ఇబ్బంది, రెండోది అన్యాయం. డబ్బు లేదని సభ ముందు చెప్పిన నాయకుడితో కలిసి సభ్యుడు ఉపవాసమైనా ఉంటాడు. అదే నాయకుడు తన వారికి మాత్రం చెల్లించి మిగతా వారికి లేదంటే, ఆ కోపం తరం మారినా చల్లారదు.

ఖలీఫాను నిలదీసిన గుడ్డ ముక్క

ప్రతి ఒక్కరూ కాపరి వంటివారేననీ, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవాలనీ దైవప్రవక్త (స) బోధించారు. చెమట ఆరక ముందే కూలివాడికి కూలి చెల్లించాలనీ ఆయన హితవు చెప్పారు. అధికారం ఇస్లాంలో అమానత్. అంటే ఒకరు నమ్మి అప్పగించిన సొత్తు. సొంతం కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) గారి గురించి తరతరాలుగా చెప్పుకునే ఉదంతం నేతగాళ్లకు మరీ దగ్గరగా ఉంటుంది. బయటి నుంచి వచ్చిన గుడ్డను అందరికీ తలా ఒక ముక్క పంచారు. తర్వాత ఖలీఫా ప్రసంగించడానికి నిలబడితే ఆయన ఒంటి మీద నిండు వస్త్రం ఉంది. ఆయన పొడగరి, ఒక్క ముక్క సరిపోదు. సభలో ఒక సామాన్యుడు లేచి, ఈ రెండో ముక్క ఎక్కడిదో చెప్పే వరకు మీ మాట వినేది లేదన్నాడు. ఖలీఫా కోపగించుకోలేదు. కొడుకు అబ్దుల్లాను పిలిచారు. తన వాటా ముక్కను తండ్రికి ఇచ్చానని కొడుకు అందరి ముందూ సాక్ష్యం చెప్పాడు. అప్పుడు ఆ మనిషి శాంతించి కూర్చున్నాడు.

ఇందులో ఖలీఫా సహనాన్ని మనం తరచూ మెచ్చుకుంటాం. కానీ లేచి అడిగిన ఆ సామాన్యుణ్ణి మరచిపోతాం. అతడు బజారులో గుసగుసలాడలేదు. సభలో, ముఖం మీద, మర్యాద తప్పకుండా అడిగాడు. జవాబు సరిగా ఉండగానే ఒప్పుకున్నాడు. మంచి నాయకత్వం ఎంత అవసరమో ఇలాంటి సభ్యుడూ అంతే అవసరం.

మన వంతు

ఇక మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. మహాజన సభ రోజున ఎంతమంది హాజరవుతున్నాం? చదవకుండా సంతకం ఎందుకు పెడుతున్నాం? హోటల్లో చాయ్ తాగుతూ అధ్యక్షుణ్ణి తిట్టి, ఎదురుపడగానే వంగి సలాం చేయడం ఏ న్యాయం? మొదటిది పరోక్ష నింద, రెండోది ముఖస్తుతి. రెండింటివల్లా సంఘం బాగుపడదు.

అలిగి మగ్గం దిగిపోవడం ఒక దారి. కొత్తవాడ నుంచీ, వరంగల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ సూరత్‌కు, భివండీకి వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో. అక్కడా యజమాని కిందే పని, అక్కడ ఓటు కూడా లేదు. ఇక్కడి సంఘంలో కనీసం అడిగే హక్కు కాగితం మీదైనా మిగిలి ఉంది. దాన్ని వాడుకోవాలి. ఏటా ఆడిట్ జరగాలనీ, మహాజన సభ పెట్టాలనీ 1964 నాటి సహకార చట్టం చెబుతోంది. సభ్యులు కొందరు కలిసి విచారణ కోరడానికీ అందులో వీలుంది. ఒక్కరు అడిగితే పగ అంటారు. పదిమంది సంతకాలతో, తేదీ వేసి, చేనేత జౌళి శాఖ జిల్లా కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకుంటే దాన్ని పక్కన పడేయడం అంత సులువు కాదు. అడగడంలో మతం, కులం అడ్డు రాకూడదు. పక్క మగ్గం మీది పద్మశాలీ సోదరుడి బాధా మన బాధా ఒక్కటే.

ఆజంజాహీ మిల్లును గుర్తు చేసుకుందాం. 1934లో ఏడో నిజాం కాలంలో మొదలై, వేలాది వరంగల్ కుటుంబాలకు అన్నం పెట్టిన మిల్లు అది. అది మూతపడిన తర్వాత కార్మికులు ఇళ్ల స్థలాల కోసం ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. జీవితమంతా పనిచేసిన సంస్థే మనల్ని మరచిపోగలదు. కాబట్టి పని నడుస్తున్నప్పుడే కాగితాలు, లెక్కలు, హక్కులు చక్కదిద్దుకోవాలి.

మన ఇంట్లోనూ ఒక సంఘముంది

చివరిగా మగవారికి ఒక ప్రశ్న. సంఘం మిమ్మల్ని లెక్క చేయడం లేదంటున్నారు, మీ ఇంట్లో కండెలు చుట్టే చేతిని మీరు లెక్క చేస్తున్నారా? 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులుంటే వారిలో నూటికి 72 మంది స్త్రీలు. అయినా సంఘం రిజిస్టర్లలో ఎక్కువగా కనిపించేవి మగవారి పేర్లే. భార్య, బిడ్డ, ముసలి తల్లి తెల్లవారుజాము నుంచి చేసే పని కూలి లెక్కలోకి రాదు, మన మాటల్లోకీ రాదు. పేరు జాబితాలో ఉండటం చిన్న విషయం కాదు. 2017లో నేతన్నకు చేయూత పథకం వచ్చినప్పుడు కార్మికుడు కూలిలో 8 శాతం దాచుకుంటే ప్రభుత్వం 16 శాతం కలిపింది. నమోదైనవారికే ఆ డబ్బు అందింది. పేరు లేని చేతికి ఏమీ రాలేదు.

కాబట్టి ఈసారి సంఘంలో సభ్యత్వాల మాట వచ్చినప్పుడు మగ్గం పని చేసే మన ఆడవారి పేర్లు కూడా రాయించాలి. సంపాదన ఎంత, ఖర్చు ఎంత అని ఇంట్లో వారికీ చెప్పాలి. పని బాగుందన్న ఒక్క మాటకు పైసా ఖర్చు కాదు. మసీదు కమిటీలోనైనా, మదర్సాలోనైనా, సంఘం ఆఫీసులోనైనా, మన ఇంట్లోనైనా పెద్దరికం ఎవరి చేతిలో ఉంటే వారే ముందుగా లెక్క చెప్పాలి. ఇక్కడ మనుషులకు లెక్క చెప్పడం అలవాటు చేసుకున్నవారికి, రేపు అల్లాహ్ సన్నిధిలో లెక్క చెప్పుకునే రోజు కొంతైనా తేలికవుతుంది.