ఈశాన్యంలో నల్ల మొజాయిక్ ఉంటే తవ్వాల్సిందేనా?

ఈ వారం మన ముచ్చట ఇంటి నేల గురించి. మంచిర్యాల నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. వాళ్ళది ఇరవై ఏళ్ళు దాటిన ఇల్లు. ఇల్లంతా మొజాయిక్. దేవుడి గది ఈశాన్యంలో ఉంది, అక్కడ నల్ల చిప్స్, పచ్చ చిప్స్ కలిపి వేశారు. చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దాయన అది చూసి, "ఈశాన్యంలో నలుపు ఉండొద్దు. అందుకే మీ ఇంట్లో పైసలు నిలుస్తలేవు. తవ్వేసి తెల్ల టైల్స్ వేయించండి" అన్నాడట. చేతిలో ఉన్నది బిడ్డ ఇంజనీరింగ్ ఫీజు కోసం దాచిన డబ్బు ఒక్కటే. "అక్కా, ఆ రోజు నుంచి దీపం పెడుతున్నా మనసు నిమ్మళంగా లేదు, ఏం చేయమంటారు?" అని అడిగింది.

చెల్లీ, ముందు ఒక్క మాట. ఆ డబ్బు ముట్టకు, ఫీజు కట్టేయి. ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

నేను వాస్తును కాదనే మనిషిని కాదు. మా ఇంట్లో పొయ్యి ఆగ్నేయంలోనే ఉంది, నీళ్ళ బిందె ఈశాన్యంలోనే ఉంది. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో రాసిన బృహత్సంహితలో వాస్తు కోసం ఒక అధ్యాయమే ఉంది. అయితే నేల విషయంలో పెద్దలు గట్టిగా పట్టుకునేది వాలు. తూర్పుకు, ఉత్తరానికి పల్లం ఉండాలి, నైరుతి ఎత్తుగా ఉండాలి, ఈశాన్యం అన్నిటికన్నా కిందికి ఉండాలి అంటారు. మరి మొజాయిక్ మాట ఆ పాత పుస్తకాల్లోకి ఎక్కడి నుంచి వస్తుంది? ఇది ఇటలీలోని వెనిస్ పనివాళ్ళ తెలివి. పెద్ద భవనాలకు చలువరాయి చెక్కగా మిగిలిన ముక్కలను వృథా చేయకుండా నేలలో పరిచి అరగదీసేవారు. దాన్నే టెరాజో అన్నారు. అమెరికాలో హాలీవుడ్ వీధిలో సినిమా వాళ్ళ పేర్లతో నక్షత్రాలుంటాయి కదా, అవి కూడా ఈ రకం నేలే. మన దగ్గర పాత ఇళ్ళల్లో మట్టి నేలను పేడతో అలికేవారు, కలిగినవాళ్ళు డంగు సున్నంతో గచ్చు వేయించేవారు. ఇక నలుపు సంగతంటారా, మన గుళ్ళల్లో చాలా చోట్ల మూలవిరాట్టే నల్లరాయి. నల్లరాతి దేవుడికి మొక్కుతూ, ఆయన కింద నల్ల చిప్స్ ఉన్నాయని భయపడడమెందుకమ్మా?

ఇంకో సంగతి చూడండి. మొజాయిక్‌ను తవ్వడం ఖర్చు ఎక్కువని చాలామంది దాని మీదనే టైల్స్ వేయిస్తారు. టైలు, దాని కింది మాలు కలిసి నేల ఇంచి, ఇంచున్నర లేస్తుంది. ఒక్క దేవుడి గదిలోనే వేయిస్తే ఏమవుతుంది? ఈశాన్యం ఎత్తవుతుంది, మిగతా ఇల్లు పల్లమవుతుంది. వాస్తు కోసమని చేసి వాస్తుకే ఎదురు పోయినట్లు కదా! పైగా తలుపు కింద కోయాలి, కడప ఎత్తు తగ్గుతుంది. తవ్వించారే అనుకోండి, గోడ అడుగున ప్లాస్టరు రాలుతుంది, నేల లోపల పైపులుంటే దెబ్బ తింటాయి. నలుపు మీద అంతగా మనసు పడకపోతే, పీట కింద ఒక తెల్ల చలువరాతి పలక పెట్టి దాని మీద పూజ చేసుకో. అంతకు మించి అవసరం లేదు.

ఇది పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు, మా ఇంట్లో తగిలిన దెబ్బ. కరీంనగర్‌లో మా మామయ్య 1994లో ఇల్లు కట్టించారు. బాత్రూం వాలు నైరుతి వైపు ఉండేది, మోరీ అటే ఉంది మరి. 2011లో ఒకాయన అది దోషమన్నాడు. సుతారి మేస్త్రీని పిలిచి పాత నేల మీదనే ఇంకో పొర వేయించి, వాలు ఈశాన్యానికి తిప్పించాం. నీళ్ళు పోయే తూము మాత్రం పాత చోటనే ఉండిపోయింది. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. నీళ్ళు పోయి ఈశాన్యం మూలకు చేరి నిలిచేవి. పాచి పట్టింది. నెల తిరగకుండానే మా అత్తమ్మ తెల్లవారుజామున జారిపడింది. తుంటి ఎముక విరిగింది. దోషం చెప్పినాయన మేస్త్రీ తప్పన్నాడు, మేస్త్రీ మీరు చెప్పిందే చేశానన్నాడు. మంచంలో ఉన్నది మాత్రం మా అత్తమ్మ. తర్వాత ఆమె చేతికర్ర లేకుండా నడవలేదు. ఆ రోజు తూము సంగతి నేనైనా అడగాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే చెబుతున్నా, వాలు మార్చాలంటే ముందు తూము మార్చాలి. అది కుదరదంటే వాలు ముట్టుకోవద్దు.

కొత్తగా వేయించుకునే వాళ్ళు ఈ సంగతులు గుర్తు పెట్టుకోండి.

మొదట అడుగు గట్టిగా ఉండాలి. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి ఎక్కువ. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగి నెర్రెలిస్తుంది. ఆ మన్ను తీసేసి, మొరం, ఇసుక పోసి, నీళ్ళు పట్టి దిమ్మిస కొట్టించి, ఆపైన కాంక్రీటు వేయించాలి. మన దగ్గర బసంత్‌నగర్‌లో, దేవాపూర్‌లో సిమెంటు కార్ఖానాలే ఉన్నాయి. అయినా సిమెంటు ఎంత మంచిదైనా కింద మన్ను కదిలితే పైన మొజాయిక్ పగలక మానదు. అప్పుడు అది వాస్తు దోషమని ఏడవడం కాదు, పునాది దోషమని తెలుసుకోవాలి.

రెండోది గళ్ళు. నేలంతా ఒకే ముక్కగా పోయొద్దు. గాజు పట్టీలతో గళ్ళు కట్టించండి. ఒక్కో గడి రెండు చదరపు మీటర్లకు మించొద్దు. అలా చేస్తే బీట వచ్చినా ఆ పట్టీ దగ్గర ఆగుతుంది.

మూడోది కలపడం. మూడు పాళ్ళ సిమెంటుకు ఒక పాలు చలువరాతి పొడి కలిపి, అందులో చిప్స్ వేస్తారు. లేత రంగు కావాలంటే తెల్ల సిమెంటు వాడాలి. రంగు పొడి ఒక గదికి సరిపడా ఒకేసారి సిమెంటులో పొడిగానే కలిపి పెట్టించండి, లేకపోతే గడికో ఛాయ వస్తుంది. ఈశాన్యానికి లేత రంగు, ఆగ్నేయానికి ఎరుపు ఛాయ అని చెప్పేవారున్నారు. కొత్త ఇంట్లో అలా పాటిస్తే పోయేదేమీ లేదు. దేవుడి గదిలో లేత రంగుంటే వెలుతురు బాగుంటుంది, పురుగూ పుట్రా కనబడతాయి.

నాలుగోది వాలు. పది అడుగుల గదికి అర ఇంచి చాలు. బాత్రూంలో ఆరడుగులకు ఇంచుంబావు కావాలి. మేస్త్రీ నీళ్ళ పైపుతో లెవల్ చూస్తున్నప్పుడు మీరు పక్కనే నిలబడండి. పాలిష్‌కు ముందు చెంబెడు నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో మీ కళ్ళతో చూడండి.

పాలిష్ మిషన్‌కు మొదట 60 నెంబరు రాయి, తర్వాత 80, ఆఖరున 120 పెడతారు. మధ్యలో చిన్న చిన్న గుంతలు పడితే అదే రంగు సిమెంటుతో పూడ్చి, కొన్ని రోజులు తడి పెట్టాలి. తొందర పడితే మెరుపు రాదు. పాలిష్ బురదను మోరీలో పోయనివ్వకండి, గట్టిపడి పైపు మూసుకుపోతుంది. బాత్రూంకు, వాకిట్లో మెట్లకు నున్నటి పాలిష్ వద్దు, గరుకుగానే ఉండనివ్వండి.

ఇక రోజువారీ సంగతి. చలువరాతికి పులుపు పడదు. పచ్చిపులుసు ఒలికినా, నిమ్మరసం పడినా వెంటనే తుడవండి, లేదంటే మెరుపు పోయి మచ్చ పడుతుంది. బాత్రూంలు కడిగే యాసిడ్ మొజాయిక్ మీద అసలు పోయొద్దు. మామూలు నీళ్ళు, కొద్దిగా సబ్బు చాలు. వంటింట్లో పొయ్యి ముందు మన కరీంనగర్ గ్రానైట్ బండ ఒకటి వేయించుకుంటే ఏ చింతా ఉండదు.

మంచిర్యాల చెల్లీ, నీ ఇంటి మొజాయిక్ ఇరవై ఏళ్ళుగా పగలలేదంటే మీ పెద్దలు గట్టి పని చేయించారన్నమాట. దాని మెరుపు తగ్గితే, ఫీజు కట్టినంక చేతిలో నాలుగు పైసలు ఆడినప్పుడు మళ్ళీ పాలిష్ పెట్టించు, కొత్తదానిలా లేస్తుంది. ఈ లోపల ఈశాన్యం మూలలో పాత సామాను పేర్చకుండా, శుభ్రంగా తుడిచి ముగ్గేసి, దీపం పెట్టి నిమ్మళంగా మొక్కుకో. నీ బిడ్డ చదువుకుని నాలుగు రాళ్ళు సంపాదిస్తే, ఆ ఇంట్లో డబ్బు నిలవకుండా ఎటు పోతుంది?