మాస్టారి రాలీ సైకిలు



ఈ నెల మేము రాయబోయేది ఒక పాత సైకిలు గూర్చి. మా సంఘంలో పెద్దవారైన ఒక రిటైర్డు మాస్టారింటి పశువుల పాకలో, పన్నెండేళ్ళుగా కోళ్ళు ఎక్కి పడుకునే గూడుగా అది నిలిచిపోయింది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన రాలీ సైకిలు. స్వదేశానికి వెళ్ళిపోతూ ఒక మిషనరీ దొరగారు దానిని మాస్టారికి ఇచ్చి వెళ్ళారట. ఆయన ముప్పైయేళ్ళు దాని మీదే బడికి వెళ్ళివచ్చారు.

సంక్రాంతి వెళ్ళాక మామ్మగారు మాకు కబురు చేశారు. "అయ్యగారూ, పాతసామానులవాడు తూకానికి తీసుకుంటానంటున్నాడు. ఈయన ఒప్పుకోవడం లేదు. మీరన్నా కాస్త చెప్పండి" అన్నారు. మాస్టారికి ఇప్పుడు రెండు కళ్ళూ కనబడవు. మంచం మీద నుంచే, "దాని చప్పుడు ఒక్కసారి వినిపించండి బాబూ, తరువాత మీ ఇష్టం" అన్నారు. నచ్చజెప్పడానికి వెళ్ళిన మేము సైకిలును ఆటోలో వేసుకొని తిరిగివచ్చాము.

ఆ చప్పుడేమిటో చెప్పాలి. వెనుక చక్రం నడుమనున్న హబ్బులో మూడు గేర్లున్నాయి. స్టర్మీ ఆర్చర్ అనే కంపెనీది. మట్టి గీకి చూస్తే దాని మీద 52 అనీ, పక్కన 8 అనీ కొట్టి ఉంది. 1952 ఆగస్టులో తయారైనదని అర్థం. రెండో గేరులోను, మూడో గేరులోను సైకిలు పోతున్నప్పుడు లోపలినుంచి టిక్కు టిక్కుమని గడియారంలా వినబడుతుంది. మొదటి గేరులో మాత్రం ఏ శబ్దమూ ఉండదు. మాస్టారు మలుపు తిరగకముందే ఆ టిక్కుటిక్కు విని పిల్లలు పలకలు సర్దుకునేవారట.

విడిభాగాల సంగతికొస్తే, మొదట అనుకున్నంత కష్టం కాలేదు. టైర్ల కొలత 28 ఇంటూ ఒకటిన్నర. మన ఊళ్ళలోని నల్ల సైకిళ్ళదీ అదే కొలత. రిమ్ముకు ముందు 32, వెనుక 40 రంధ్రాలుండే ఇంగ్లండు పద్ధతి మన హీరో, అట్లాసు సైకిళ్ళకూ వచ్చింది గనుక తుప్పు తినేసిన రిమ్ములకు బదులు కొత్తవి పట్నంలో దొరికాయి. అట్లాసువారి సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020లో మూతపడినా ఈ కొలత సామానుకు ఇంకా కరువు రాలేదు. బ్రేకు కడ్డీలూ రబ్బర్లూ కూడా అంతే. రంగు కొత్తది వేయించమని చాలామంది అన్నారు. మేము ఒప్పుకోలేదు. హ్యాండిలు కింద కొంగ తల బొమ్మ ఉన్న రేకు, మడ్‌గార్డు మీద సన్నని బంగారు గీతలు తుడిస్తే బయటపడ్డాయి. రంగు వేస్తే గీతలు పోతాయి కదా.

తప్పు జరిగింది పెడళ్ళ ఇరుసు దగ్గర. ఎడమవైపు కప్పు పాతదైపోయిందని కుర్ర మెకానిక్ తీసేసి, కొత్తది తిప్పసాగాడు. రెండు చుట్లకే బిగిసింది. ఆదివారానికల్లా అయిపోవాలన్న తొందరలో మేమే, "గట్టిగా బిగించెయ్యి నాయనా" అన్నాము. అతడు స్పానరుకు గొట్టం తగిలిస్తుంటే, బల్లమీద కూర్చున్న అతని తండ్రి, "ఆపరా!" అని కేక వేశాడు. మామూలు సైకిలు కప్పుకు అంగుళానికి 24 మరలుంటాయి. రాలీవారు తమ సైకిళ్ళకు 26 పెట్టుకున్నారు. ఇంకొక్క చుట్టు తిప్పితే ఫ్రేము మరలు అరిగి పాడయ్యేవి, ఇక ఏ కప్పూ నిలిచేది కాదు.

పాత కప్పు అప్పటికే పాత ఇనుము గోతాంలో పడింది. గోతాం నేలమీద కుమ్మరించి, మేము, ఆ తండ్రీ కొడుకులు కలిసి అరగంట వెతికాము. దొరికింది. తుడిచి చూస్తే నున్నగానే ఉంది, దానికేమీ కాలేదు! కొత్త పావంగుళం గోళీలు వైపుకు పదకొండు చొప్పున వేసి, దానినే బిగించారు. కుడివైపు కప్పును కదపనే లేదు. దాని మర ఎడమకు తిప్పితే బిగిసే రకం. తెలియనివారు ఊడదీయబోయి ఇంకా బిగించేస్తారని పెద్దాయన చెప్పాడు.

గేర్ల హబ్బులో కుర్రవాడు గ్రీజు పెడతానంటే ఆయనే వద్దన్నాడు. గ్రీజుకు లోపలి చిన్న కొక్కేలు అంటుకుపోతాయట. నూనె రంధ్రంలో డీజిలు పోసి రెండు రోజులుంచి, కారిపోనిచ్చి, పల్చటి నూనె వేశాడు. గేరు మార్చే చిన్న గొలుసు తెగిపోయి ఉంది. అది లేకపోతే సైకిలు మూడో గేరులోనే ఉండిపోతుంది. నాటింగ్‌హామ్ కంపెనీ 2000లో మూతపడింది గాని, తైవానుకు చెందిన సన్ రేస్ వారు దానిని కొని ఆ సామాను చేస్తూనే ఉన్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా సంఘపు కుర్రవాడొకడు తెప్పించి పంపాడు. ఖర్చు ఎంతైందో మా ఇంట్లోవారికే చెప్పలేదు, ఇక్కడెందుకు!

మాస్టారి మంచం పక్కనే సైకిలుకు స్టాండు వేశాము. మనవడు పెడలు తిప్పాడు. చక్రం తిరుగుతోంది, చప్పుడు లేదు. మా గుండె జారిపోయింది. మాస్టారు మాత్రం చెవి ఒగ్గి విని నవ్వారు.

"ఒకటో గేరులో పెట్టావురా. అందులో అది మాట్లాడదు. మీట మార్చు."

వాడు మార్చాడు. టిక్కు టిక్కుమంటూ మొదలైంది. మాస్టారు చెయ్యి చాచి సీటు పట్టుకొని, చాలాసేపు వదలలేదు.

మామ్మగారు కొంగుతో ముఖం తుడుచుకొని, "అయితే కోళ్ళకు వేరే గూడు చూడాలన్నమాట" అన్నారు.