గ్రీష్మంలో నడక: పందెం కాదు, విహారం

వేసవి సెలవులు రాగానే కుటుంబాలు కొండకోనలకు బయలుదేరుట మంచి అలవాటే. అయితే అక్కడ కూడ చేతి గడియారంలో అడుగులు లెక్కించుకొనుచు, ఒకరినొకరు మించవలెనని వడివడిగా నడచుట ఇటీవల పెరిగినది. నిజానికి పదివేల అడుగుల లెక్క 1965లో జపాన్ దేశంలో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల యంత్రం పేరునుండి వ్యాపించినదే గాని, ఏ వైద్యశాస్త్రమూ విధించినది కాదు.

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో గ్రీష్మఋతువునందు వ్యాయామమును, ఎండను విడువవలెనని చెప్పినారు. బలవంతులు సైతం శీతకాల వసంతాలలో సగం శక్తి మేరకే వ్యాయామం చేయవలెను. తక్కిన కాలంలో అంతకంటె తక్కువ. "అట్లయితే వేసవిలో నడువనే కూడదా?" అని రోగులు నన్ను అడుగుచుందురు. సుశ్రుతసంహితలో సమాధానమున్నది. దేహాన్ని పీడింపని మెల్లని నడకకు చంక్రమణమని పేరు. అది ఆయువును, బలమును, మేధను, జఠరాగ్నిని పెంచును. నిషేధం శ్రమకే గాని నడకకు కాదు.

గురుకులంలో మేము నేర్చిన కొలత సులభమైనది. నుదుట, ముక్కున చెమట పట్టి, నోరెండి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినచో సగం శక్తి ఖర్చయినట్లే. అక్కడ కూర్చొనవలెను.

శేషాచలం అడవులలోని తలకోనను ఉదాహరణగా తీసికొందము. నెరబైలు దాటిన పిదప కొంతమేర నీడ తక్కువైన పొదల బయలు. దానిని ప్రొద్దు ఎక్కకమునుపే దాటవలెను. మధ్యాహ్నమంతయు కోన లోపల గడపవలెను. అక్కడ మద్ది, నేరేడు చెట్ల నీడ, చెట్లపై ప్రాకిన బలమైన గిల్లతీగలు, సుమారు 270 అడుగుల ఎత్తునుండి పడే జలపాతం ఉన్నవి. వేసవిలో ధార సన్నబడినను ఆ చల్లదనం తగ్గదు. తిరుగు ప్రయాణం ఎండ వాలిన తరువాత, చీకటి పడకముందు.

ఎండలో వచ్చినవారు వెంటనే నీటిలో దిగరాదు. చెమట ఆరువరకు నీడన కూర్చొని, ముందు కాళ్లు, చేతులు, ముఖం కడుగుకొని, ఆపైన స్నానం చేయవలెను. పేలపిండిని చల్లని నీటిలో పంచదారతో పలుచగా కలిపి త్రాగుట శ్రేష్ఠం. మజ్జిగ పలుచగా, తియ్యగా ఉండవలెను. పులిసిన మజ్జిగ పైత్యం చేయును. దాహం వేయువరకు ఆగక, కొంచెం కొంచెముగా నీరు పుచ్చుకొనవలెను.

గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, మధుమేహులు తమ వైద్యుని అడిగియే బయలుదేరవలెను. ఒళ్లు కాలుచు, మాట తడబడి, స్పృహ తప్పుచున్నచో అది వడదెబ్బ. గృహవైద్యంతో కాలయాపన చేయరాదు. నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒళ్లు తడిపి, విసరుచు తక్షణం ఆసుపత్రికి తరలించవలెను.

ఔషధ మొక్కలు కనిపించినచో చూడుడు, వాసన గుర్తుంచుకొనుడు; పీకి తేవలదు. అది శ్రీవేంకటేశ్వర జాతీయవనం. అక్కడి వేళ్లు మన పెరటికన్న ఆ కోనకే అవసరం.

ఇంటిల్లిపాదీ వెళ్లినప్పుడు అందరికంటె మెల్లగా నడచే తాతగారి అడుగో, పసివాని అడుగో ఆ దినానికి అందరి అడుగు కావలెను. వేసవి నడకకు అంతకు మించిన కొలమానం నాకు తెలిసినంతలో లేదు.