టర్బో షెడ్డులోనే ఉంది, పడవే కావాలి

2018 నవంబరు 16 నుంచి మూడు రోజుల పాటు విజయవాడ దగ్గర కృష్ణా నది హోరెత్తిపోయింది. ఎఫ్1హెచ్2ఓ ప్రపంచ చాంపియన్‌షిప్ బోటు పందేలవి. నాలుగు వందల కిలోలు కూడా తూగని పడవలు గంటకు 200 కిలోమీటర్లు దాటి దూసుకుపోతుంటే ఒడ్డున జనం నోళ్లు తెరిచి చూశారు. వాటి వెనక బిగించినవి మెర్క్యురీ కంపెనీ వి6 టూస్ట్రోక్ ఇంజిన్లు. రెండున్నర లీటర్ల ఇంజిన్, దాదాపు 400 హార్స్‌పవర్. పందెం ముగిశాక పడవలు కంటైనర్లు ఎక్కాయి. ఇక్కడి వర్క్‌షాపులకు మిగిలింది ఫొటోలే.



పందేలు తప్పని ఎవరూ అనరు. ఎటొచ్చీ పడవ వేగాన్ని ఊరికే చూసి వదిలేశాం, దాన్ని తయారుచేసే పని మాత్రం నేర్చుకోలేదు. ఆ పనికి కావలసిన చేతులు సముద్రానికి చాలా దూరంగా, కడప జిల్లాలో ఉన్నాయంటే నవ్వొస్తుందేమో. కుందూ ఒడ్డున నల్లరేగడిలో శనగ వేసుకునే పెద్దముడియానికీ పందెపు పడవకూ ఏమిటి సంబంధం?

సంబంధం టర్బో. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు, బండలు, ముద్దనూరు థర్మల్ కేంద్రం బూడిద మోసే లారీలన్నిటికీ ఇప్పుడు టర్బో డీజిల్ ఇంజిన్లే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు షెడ్లలో పికప్ లేదనో, నల్లపొగ కొడుతోందనో, ఆయిల్ తాగుతోందనో బండి వచ్చిందంటే మేస్త్రీ ముందు చెవి పెట్టేది టర్బో కూత మీదే. సైలెన్సరు దారిన వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీది రెండో చక్రంతో ఇంజిన్లోకి గాలిని దట్టించడమే దీని పని. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే ఆ ఇరుసు బేరింగులో వెంట్రుకవాసి తేడాను వేలితో పసిగట్టేవాళ్లు ఈ షెడ్లలో ఉన్నారు.

ఇంకో సంగతి, టర్బోకు నీళ్లు కొత్త కాదు. స్విస్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లో పేటెంటు తీసుకున్నాడు. 1920లలో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల డీజిల్ ఇంజిన్లకు దాన్ని తగిలిస్తే శక్తి 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కు పెరిగింది. లారీలకు ఈ యంత్రం అలవాటైంది ఆ తర్వాతే.

అలాగని లారీ ఇంజిన్ని దించి పడవలో కూర్చోబెడితే అది పడవ ఇంజిన్ అయిపోదు. లారీకి ఎక్కుడూ దిగుడూ ఉంటాయి, దిగుడులో ఇంజిన్ ఊపిరి పీల్చుకుంటుంది. పడవకు ఆ వెసులుబాటు లేదు, గంటల తరబడి ఒకే బరువు. పైగా ప్రొపెల్లర్ లెక్క వేరు. చుట్లు రెట్టింపు చేయాలంటే శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావాలి. మూసి ఉన్న ఇంజిన్ గదిలో టర్బో పెంకు ఎర్రగా కాలితే నిప్పంటుకుంటుంది కాబట్టి దాని చుట్టూ నీళ్ల తొడుగు ఉండాలి. దట్టించిన గాలి వేడి తగ్గించే ఇంటర్‌కూలర్ లారీలో ఎదురుగాలితో చల్లబడుతుంది, ఇక్కడ సముద్రపు నీటితో చల్లబడాలి. ఉప్పు తినేయని లోహంతో గొట్టాలు చేయాలి.

వేగపు పడవలో మరో చిక్కుంది. బయల్దేరగానే మూతి పైకెత్తుతుంది. ఆ గడ్డు దశ దాటి నీటి మీదకు ఎక్కి జారాలంటే తక్కువ చుట్లలోనే గట్టి లాగు కావాలి. పెద్ద టర్బో అప్పటికి మేలుకోదు, చిన్నదైతే పైవేగంలో చాలదు. అల మీద ఎగిరినప్పుడు ప్రొపెల్లర్ గాలిలోకి లేస్తుంది, ఇంజిన్ మీద బరువు ఒక్కసారిగా పోతుంది. అప్పుడు చుట్లను పట్టి ఆపే ఏర్పాటు లేకపోతే ఇంజిన్ ముక్కలవుతుంది. మెర్క్యురీ రేసింగ్ కంపెనీ 2010లో తెచ్చిన 1350 హార్స్‌పవర్ ఇంజిన్ ఇలాంటి లెక్కలన్నీ తేల్చుకునే బయటికొచ్చింది. తొమ్మిది లీటర్లు, ఎనిమిది సిలిండర్లు, రెండు టర్బోలు.

మన దగ్గర? కోస్ట్‌గార్డు కోసం ఎల్ అండ్ టీ కట్టిన 54 ఇంటర్‌సెప్టర్ బోట్లు 45 నాట్లు, అంటే గంటకు 83 కిలోమీటర్ల దాకా వెళ్తాయి. పడవలు మనవే, ఇంజిన్లు జర్మన్ ఎంటీయూవి. ముంబయి దాడుల తర్వాత నౌకాదళం తెప్పించుకున్న 80 వేగపు పడవలనైతే శ్రీలంకలోని సోలాస్ మెరైన్ కట్టిచ్చింది.

ఇక కడప జిల్లాలోనే, పర్యాటకులు వచ్చే గండికోట అభివృద్ధికి కేంద్రం సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 26.85 టీఎంసీల జలాశయం పక్కనే ఉంది, కింద మైలవరం జలాశయం ఉంది. పర్యాటకులు పెరిగితే పడవలూ పెరుగుతాయి. వాటిని బాగుచేయించడానికి విశాఖ నుంచో చెన్నై నుంచో మనిషిని పిలవాల్సిన అవసరం ఏముంది? ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల ఉంది, పులివెందులలో జేఎన్‌టీయూ కళాశాల ఉంది. విశాఖలో కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ మెరైన్ ఫిట్టర్లకు ఏళ్లుగా శిక్షణ ఇస్తోంది. ఈ పాఠాన్ని ఐటీఐ చదివి షెడ్డులో పనిచేస్తున్న కుర్రాళ్ల దాకా తేవడం అసాధ్యమేమీ కాదు.

కరువు సీమలో పడవ ఇంజిన్లు ఎవరు కొంటారన్న ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. కొనకపోవచ్చు. చేతిలో ఆ పని ఉన్నవాడు మాత్రం కాకినాడ రేవులో బతుకుతాడు, నిజాంపట్నంలో బతుకుతాడు, జిల్లా నుంచి వేలమంది వెళ్లే కువైట్‌లోనూ బతుకుతాడు.

మొదలుపెట్టడానికి ప్రొద్దుటూరు కళాశాలలో ఇంజిన్ శక్తిని కొలిచే ఒక డైనమోమీటరు, తుక్కుకు వెళ్లబోయే నాలుగు లారీ ఇంజిన్లు, జీతానికి తీసుకున్న ఇద్దరు షెడ్డు మేస్త్రీలు చాలు. బెంచి మీద వందల గంటలు నిలిచిన ఇంజిన్నే మైలవరం నీళ్లలోకి దింపాలి. అది కూడా డీజిలే అయి ఉండాలి, పొగ గొట్టం దగ్గర చుక్క నూనె కారకూడదు. కృష్ణలో తిరిగిన పందెపు పడవల మాదిరి పెట్రోల్లో ఆయిల్ కలుపుకుని కాల్చే టూస్ట్రోక్ ఇంజిన్‌కు, జనం తాగే నీళ్లున్న ఈ జలాశయాల్లో చోటివ్వకూడదు.