ఓఆర్‌ఎస్‌: ఒక ప్యాకెట్‌కు ఒక లీటరే!

పండ్ల రసాలు, ఎలక్ట్రోలైట్‌ డ్రింకుల మీద ఇకపై ‘ఓఆర్‌ఎస్‌’ అన్న మాట ఏ రూపంలోనూ ఉండకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2025 అక్టోబరులో ఆదేశించింది. గతంలో ఇచ్చిన అనుమతులను వెనక్కి తీసుకుంది. దీని వెనుక హైదరాబాద్‌ పిల్లల వైద్యురాలు డాక్టర్‌ శివరంజని సంతోష్‌ ఎనిమిదేళ్ల పోరాటం ఉంది. మంచి నిర్ణయమే. అయితే సరైన ప్యాకెట్‌ కొన్నా, ఇంట్లో నీళ్ల లెక్క తప్పితే ప్రమాదం అలాగే ఉంటుంది.

లెక్క ఎందుకంటే..

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్‌ 13.5, పొటాషియం క్లోరైడ్‌ 1.5, ట్రైసోడియం సిట్రేట్‌ 2.9 గ్రాములు ఉండాలి. పేగు గోడ సోడియాన్ని, గ్లూకోజ్‌ను జంటగా లోపలికి తీసుకుంటుంది. వాటి వెంటే నీరూ వెళ్తుంది. ఈ ద్రావణం గాఢత లీటరుకు 245 మిల్లీ ఆస్మోల్స్‌. మన రక్తంలో ఇది సుమారు 280-295. అంటే ఓఆర్‌ఎస్‌ రక్తం కన్నా కాస్త పలుచన.

లీటరు ప్యాకెట్‌ను 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపారనుకోండి. నీరు అయిదో వంతు, గాఢత అయిదు రెట్లు: 245×5=1,225. అప్పుడు ఒంట్లోని నీరే పేగులోకి వచ్చేస్తుంది. విరేచనాలు ఎక్కువవుతాయి. రక్తంలో సోడియం పెరిగి పసిపిల్లలకు ఫిట్స్‌ రావొచ్చు. చక్కెర ఎక్కువున్న డ్రింకులు కూడా నీటిని పేగులోకి లాగి విరేచనాలు పెంచుతాయి.

అదే ప్యాకెట్‌ను రెండు లీటర్లలో కలిపితే? లీటరుకు 75 మిల్లీమోల్స్‌ ఉండాల్సిన సోడియం 37.5కు పడిపోతుంది. విరేచనాల్లో పోయిన లవణాలు సరిపడా తిరిగి అందవు.

ఇలా కలపండి

- ముందు ప్యాకెట్‌ మీద ఎన్ని నీళ్లో చదవండి. లీటరువీ ఉంటాయి, 200 మిల్లీలీటర్లవీ ఉంటాయి.
- ఇంట్లో గ్లాసులన్నీ ఒకే సైజువి కావు. లీటరు వాటర్‌ బాటిల్‌తో కొలవండి.
- పొడిని సగం సగం వాడొద్దు. అందులోని లవణాలు సమానంగా పంచుకోవు.
- కాచి చల్లార్చిన నీళ్లు వాడండి. కలిపాక మరిగించొద్దు. చక్కెర, పాలు, జ్యూస్‌ కలపొద్దు.
- 24 గంటలు దాటితే పారబోయండి.

విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు పిల్లలకు 50-100, రెండు నుంచి పదేళ్ల వారికి 100-200 మిల్లీలీటర్లు చెంచాతోనో, గుటక గుటకగానో తాగించండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. జింక్‌ మోతాదు డాక్టర్‌ను అడగండి.

మూత్రం తగ్గినా, కళ్లు లోతుకు పోయినా, మలంలో రక్తం కనిపించినా, బిడ్డ మత్తుగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వరంగల్‌లోనైనా, మీ ఊళ్లోనైనా ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఆశా కార్యకర్తల దగ్గర ఓఆర్‌ఎస్‌ ఉచితం. ఒకటి రెండు ప్యాకెట్లు ఇంట్లో ఉంచుకోండి.