అద్దాల తొట్టెలో చల్లని నీరు

ఎండలు ముదిరితే చెరువులోని చేప లోతుకు దిగి ప్రాణం కాపాడుకుంటుంది. అద్దాల తొట్టెలోని చేపకు దిగడానికి లోతు లేదు. దాన్ని మనం ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్న రోజే దాని క్షేమం మన చేతిలోని అమానతు అయింది.

నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగే ప్రాణవాయువు, 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములే కరుగుతుంది. ఆ వేడిలో చేపకు మాత్రం అది మరింత ఎక్కువగా కావాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన నగరంలో గోల్డ్‌ఫిష్ వంటి చల్లని నీటి చేపలనూ, సముద్రపు చేపలనూ పెంచేవారు చిల్లర్ అమర్చుకునేది ఇందుకే. తక్కిన సాధారణ రకాలకు చాలాసార్లు నీటి ఉపరితలంపై వీచే చిన్న ఫ్యాను, గాలి పంపు సరిపోతాయి. అవసరం లేనిచోట ఖర్చు చేయనక్కర లేదు.

చిల్లర్ పనితీరు ఫ్రిజ్‌ను పోలినదే. నీటిలోని వేడిని తీసి గదిలోకి వదులుతుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాసులు దీని విషయంలో రెండింటిని గమనించాలి. మొదటిది దుమ్ము. విజయవాడ రహదారి వెంట ఎడతెగని వాహనాల దుమ్ము కిటికీలలోంచి వచ్చి యంత్రపు జాలికీ, దాని వెనుకనున్న పలుచని రేకులకూ పట్టుకుంటుంది. వేడి బయటికి పోదు. యంత్రం ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, నీరు మాత్రం చల్లబడదు. రెండవది బోరు నీరు. గీజరులోనూ కుళాయి అంచునా పేరుకునే తెల్లని సున్నపు పొరే చిల్లర్ గొట్టాలలోనూ పేరుకుంటుంది.

శుభ్రతకు ముందు ప్లగ్గు తీసివేయాలి. రెండు వారాలకొకసారి జాలిని విప్పి కడిగి, ఆరబెట్టి బిగించాలి. రేకులను మెత్తని బ్రష్షుతో, అవి వంగకుండా, నిలువుగా తుడవాలి. పంపు స్పాంజిని తొట్టె నుంచి తీసిన నీటిలోనే పిండాలి.

వేసవికి ముందొకసారి లోపలి గొట్టాల పొరను తొలగించాలి. తయారీదారు సూచనల పత్రం అనుమతిస్తే, చిల్లర్‌ను తొట్టె నుంచి పూర్తిగా వేరు చేసి, తెల్ల సిర్కా కలిపిన నీటిని బకెట్టు నుంచి చిన్న పంపుతో అరగంట తిప్పాలి. అంతసేపూ చిల్లర్ ఆపే ఉండాలి, పంపు మాత్రమే నడవాలి. ఆపై మంచినీటితో మూడు నాలుగుసార్లు కడగాలి. సబ్బు వాడరాదు, దాని జాడ మిగిలినా చేపలకు ప్రమాదం. గ్యాసు, కంప్రెసర్ పనులు మెకానిక్‌కే వదలాలి.

యంత్రాన్ని అల్మారాలో మూసి పెట్టకూడదు. చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి. మరమ్మతు తర్వాత నీటిని ఒక్కసారిగా చల్లబరచరాదు. రోజుకు రెండు డిగ్రీలకు మించకుండా తగ్గించాలి. కరెంటు పోయే వేళలకు బ్యాటరీ గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం మేలు.

సెలవులకు ఊరు వెళ్లే కుటుంబాలు తాళం వేసేముందు జాలిని శుభ్రం చేసి, పొరుగువారికి తాళంచెవి ఇచ్చి, ఉష్ణమాపకం చూడటం నేర్పి వెళ్లాలి. ఇంట్లో ఉన్నప్పుడు రోజూ ఆ అంకెను చూసే పనిని పిల్లలకు అప్పగించండి. నోరులేని ప్రాణి ఇబ్బందిని అది చెప్పకముందే గుర్తించడం వారికి అలవడుతుంది.